పాలు మాన్పించిన పందిపిల్లల దాణాలో యాంటీబయాటిక్ కలపాలా?

జడ్చర్ల రైతు:
28 రోజులకే పిల్లల్ని తల్లి నుంచి వేరు చేస్తున్నా. నాలుగో రోజుకల్లా పారుడు పట్టుకుంటోంది. దాణాలో యాంటీబయాటిక్ పొడి కలిపితే ఆగుతోంది. వద్దనేవాళ్లు చచ్చిన పిల్లల లెక్క కూడా చెప్పాలి.

దేవరకొండ రైతు:
నేనూ రెండేళ్లు కలిపానన్నా. పొడి ఆపిన వారానికే మళ్లీ పారుడు. అందుకే వద్దంటున్నా.

పాలు తాగినన్నాళ్లు పిల్ల కడుపులో మంచి క్రిములైన లాక్టోబాసిల్లస్‌దే రాజ్యం. పాలలోని చక్కెరతో అవి చేసే పులుపు చెడు క్రిములను అణచిపెడుతుంది. ఆ వయసులో పిల్లకు సొంతంగా ఆమ్లం సరిగా ఊరదు. తల్లిపాలలోని యాంటీబాడీలేమో పేగును కాస్తుంటాయి. తల్లిని వేరు చేసిన రోజు ఈ రెండు అండలూ పోతాయి. బెంగతో పిల్ల ఒకట్రెండు రోజులు మేత సరిగా ముట్టదు, పేగు లోపలి నూగు కురచబారుతుంది. ఆ తర్వాత ఆకలికి ఎగబడి మక్కపిండి, సోయాచెక్క తింటుంది. అరగని మాంసకృత్తులు పారుడు తెచ్చే ఈ.కొలి అనే క్రిమికి మేతవుతాయి. తోక కింద పసుపు నీళ్లు అంటుకుని, వెన్ను వంచి మూలన నిలబడే పిల్లను మీరూ చూసే ఉంటారు.

యాంటీబయాటిక్ ఈ.కొలితో ఆగదు. పీచును అరిగించే ప్రివోటెల్లా లాంటి మంచి క్రిములు కుదురుకునేది సరిగ్గా ఆ వారాల్లోనే, వాటినీ దెబ్బతీస్తుంది.

నకిరేకల్ నుంచి:
యూరప్‌లో ఎదుగుదల కోసం వాడే యాంటీబయాటిక్‌లను 2006లో ఆపారు. పారుడుకు పెద్ద మోతాదులో వేసే జింక్ ఆక్సైడ్‌నూ 2022లో ఆపారు. వాళ్ల షెడ్లు వేరు. హోటల్ మిగులుతో పెంచే మనకు కుదురుతుందా? ఎక్కువ రోజులు పాలిస్తే తల్లి ఎదకు రావడమూ ఆలస్యమే కదా?

దేవరకొండ రైతు:
ఆలస్యమే, కాదనను. అయినా నేను 42 రోజులు ఉంచుతున్నా. రెండో వారం నుంచే తల్లికి అందని మూలలో పిడికెడు క్రీప్ ఫీడ్ (పాలు తాగే పిల్లలకు పెట్టే దాణా) పెడతా, మిగిలింది తీసేసి తాజాది వేస్తా. మాన్పించే రోజు పిల్లల్ని కదపను, తల్లినే తీసుకుపోతా. మొదటి వారం రోజుకు ఐదారుసార్లు, కొంచెం కొంచెం. హోటల్ మిగులు ఈ వయసు పిల్లలకు అసలే వద్దు.

జబ్బుపడ్డ పిల్లకు డాక్టర్ రాస్తే మందు వేయాల్సిందే. బాగున్న పిల్లలన్నిటికీ కలపడమే నాకు నచ్చనిది. జడ్చర్ల అన్నా, మీ పొడి సంచి మీద కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ పేరు ఉందేమో చూడండి. ఆహారం కోసం పెంచే జంతువులకు దాన్ని వాడకుండా కేంద్రం 2019 జులైలోనే నిషేధించింది.

జడ్చర్ల రైతు:
ఇప్పుడే చూశా. ఏ పేరూ లేదన్నా, ఉత్త తెల్ల కవర్‌లో కట్టిచ్చారు.