అద్దె ఇళ్లు ఎక్కువున్న వార్డంటే పేదలున్న వార్డేనా?

ప్రశ్న: అందరికీ నమస్తే. మాది హైదరాబాద్. మా కాలనీ కుర్రాళ్లం కొంతమంది కలిసి పిల్లలకు సాయంత్రం ట్యూషన్, నెలకోసారి హెల్త్ క్యాంపు పెడదామనుకుంటున్నాం. ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడానికి 2011 జనగణన ఇళ్ల పట్టికలు తీశాను, వార్డులవారీగా సొంతిళ్లు, అద్దె ఇళ్లు ఎంత శాతమో ఉంది. అద్దెవాళ్లు ఎక్కువున్న వార్డు పట్టుకుంటే సరిపోతుందా? రెండు వారాల్లో తేల్చాలి, టెన్షన్‌గా ఉంది.

జవాబు: తమ్ముడూ, అదొక్కటే పట్టుకుంటే తప్పు చోటికి వెళ్తావు. 2011లో దేశం మొత్తమ్మీద పట్టణాల్లో 27.5 శాతం కుటుంబాలు అద్దెకుంటే పల్లెల్లో 3.4 శాతమే, అంటే జనం పనికోసం ఎక్కడికొచ్చి చేరుతున్నారన్నదే అద్దె లెక్క ముందు చెబుతుంది. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ వాళ్లూ అద్దెకే ఉంటారు. మరోపక్క, స్థలం తనది కాకపోయినా గుడిసె తనదైతే జనగణనలో అది సొంతిల్లే. అందుకని అవే పట్టికల్లో ఒక్క గది ఇళ్లెన్ని, నీళ్లు ఆవరణలోనే ఉన్నాయా, మరుగుదొడ్డి ఉందా అన్నవి కూడా పక్కన పెట్టుకుని చూడు. అవి వార్డు మొత్తం శాతాలే, పైగా పాతవి, కాబట్టి ఏ గల్లీ అన్నది నడిచి చూస్తేనే తెలుస్తుంది.

అద్దె ఎక్కువంటే నాకు తోచేది వేరే. ఏ కాగితంలోనూ పేరులేని వాళ్లు అక్కడ ఎక్కువ. మా గల్లీలో మూడంతస్తుల ఇంట్లో తొమ్మిది పోర్షన్లు, మెట్ల కింద కరెంటు మీటరు మాత్రం ఒక్కటే, మిగతావన్నీ ఓనరు బిగించిన సబ్ మీటర్లు. 2024లో తెల్లకార్డున్న వాళ్లకి 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు వచ్చింది, అద్దెవాళ్లకీ ఇస్తామన్నారు, కానీ తొమ్మిది కుటుంబాల వాడకం ఒకే మీటర్లో పడితే 200 ఎక్కడ నిలుస్తుంది? అందులో ఉండే ఒకావిడ కార్డు పట్టుకుని నాలుగుసార్లు తిరిగింది, సర్వీస్ నంబరేదమ్మా అంటే చెప్పడానికి ఆమెకంటూ ఒకటి లేదు. ఆమె ముఖం చూస్తే కడుపు తరుక్కుపోయింది.

ప్రశ్న: అక్కా, మరి నడిచేటప్పుడు ఏం చూడమంటారు? టులెట్ బోర్డులా?

జవాబు: బోర్డులు వద్దు, అవి డబ్బున్న కాలనీల్లోనూ వేలాడతాయి. ఒక్కో ఇంటికి మీటర్లెన్ని, పొయ్యిలెన్ని అని చూడు, ఆ రెంటికీ తేడా ఎంత ఎక్కువుంటే అంత అవసరం ఉన్నట్టు. తర్వాత ఒక్కటే అడుగు, ఈ ఇంటికొచ్చి ఎన్నాళ్లైంది అని. ఏడాది లోపు అని చాలామంది చెబితే పిల్లల టీకాల కార్డు గురించి, బడిలో చేర్చారా, టీసీ దగ్గర ఆగిపోయారా అన్నది కూడా కనుక్కో. ఓనరు పక్కనుంటే ఎవరూ నోరు విప్పరు, ఆదివారం నీళ్లు పట్టుకునే వేళకి వెళ్లు.

ఇంకొకరు: మేం క్యాంపు పెట్టి నేర్చుకున్నది చెబుతా. ఒకటో తారీకు అటూఇటూ పెట్టకండి, అప్పుడే ఇళ్లు మారతారు, అద్దె కట్టే హడావుడి కూడా. రాసుకునేటప్పుడు స్థానిక అడ్రసున్న ఆధార్ అడగొద్దు, మొదటిసారి అడిగితే సగం మంది లైన్లోంచి వెనక్కెళ్లిపోయారు. పేరు, పోర్షను, ఫోన్ నంబరు చాలు.