అప్‌డేట్: హన్మకొండ కాలనీ రోడ్డు మీద బతుకమ్మ, పర్మిషన్ల సంగతి

సద్దుల బతుకమ్మకు కాలనీ రోడ్డు మీద స్టేజీ, మైకు పెట్టాలంటే ముందు ఎవరి దగ్గరికి పోవాలని ఇదివరకు ఒక పోస్టులో అడిగాను. ఇప్పుడు పర్మిషన్లన్నీ చేతికొచ్చాయి.

ముందు పోలీస్ స్టేషన్‌కే పోండి. రోడ్డు మూయడానికి ఒకటి, మైకుకు ఒకటి, దరఖాస్తులు విడిగా రాయండి. కలిపి రాస్తే ట్రాఫిక్ వాళ్లు తేల్చేదాకా మైకు కాగితం కూడా ఆగుతుంది. చేత్తో గీసిన మ్యాపు జతచేయాలి. మాది ఒకసారి వెనక్కి వచ్చింది: రోడ్డు 30 అడుగులని రాశాం గానీ స్టేజీ వేశాక మిగిలేదెంతో రాయలేదు. స్టేజీకి 12, అంబులెన్స్, ఫైరింజన్ పోవడానికి 18 అని బాణం గుర్తుతో చూపిస్తే ఒప్పుకున్నారు.

మైకు రాత్రి 10కి బంద్. అప్పటిదాకా పగటి లెక్కే, ఇళ్ల మధ్య శబ్దానికి పగటి పరిమితి 55 డెసిబుల్స్. ఆస్పత్రి, బడి, కోర్టుకు 100 మీటర్ల లోపైతే ఆ జాగా వదిలేసి వేరేది చూసుకోండి.

కరెంటుకు ఎన్‌పీడీసీఎల్ (మన దగ్గరి కరెంటు కంపెనీ) ఆఫీసులో తాత్కాలిక కనెక్షన్ అడగాలి. లైట్లు, సౌండ్ బాక్సుల వాట్లన్నీ కూడి కిలోవాట్లలో రాయాలి. తీగకు కొక్కెం మాత్రం వేయకండి. 2003 విద్యుత్ చట్టం 135వ సెక్షన్ కింద అది దొంగతనం. పైగా తడి నేల మీద ఆడబిడ్డలు చెప్పుల్లేకుండా ఆడుతుంటారు.

చెత్త బండి, నీళ్ల ట్యాంకరుకు కార్పొరేషన్‌కు వేరే లెటర్. ప్రతి దరఖాస్తు రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ఆ రాత్రి డ్యూటీకి వచ్చే కానిస్టేబుల్‌కు పర్మిషన్ కాగితాలతో పాటు అవీ చూపించండి.