48 ఏళ్లకి పిలాటీస్ మొదలుపెట్టాలి: చాప మీద, ఇంట్లోనే. ఎక్కణ్నుంచి?

రావిచెట్టు:
వయసు 48, బరువు 64 కిలోలు. నెలసరి ఆగి ఏడాది దాటింది. బీపీకి ఒక మాత్ర, షుగర్ లేదు. రోజుకి తొమ్మిది గంటలు కుర్చీలో పని. పొద్దున్న 40 నిమిషాలు నడక ఉంది, అయినా బలం తగ్గుతూనే ఉంది. మఠం వేసుకుని కూర్చుంటే మోకాలి మీద చెయ్యి ఆనించందే లేవలేను. గ్యాస్ బండ జరిపితే రెండు రోజులు నడుం పట్టేస్తుంది. డాక్టరు పిలాటీస్ చెయ్యొచ్చన్నారు గానీ అంతకు మించి చెప్పలేదు. మా ఊళ్లో స్టూడియో లేదు.
స్టూడియోల్లో ఉండే స్ప్రింగుల మిషన్ లేకుండా ఇంట్లో చేస్తే ఫలితం ఉంటుందా? మొదటి నెల ఏమేం చెయ్యాలి, ఎన్నేసి సార్లు? వీడియోల్లో మొట్టమొదట చూపించే హండ్రెడ్ చేస్తుంటే కడుపు కంటే ముందు మెడ నొప్పెడుతోంది, తప్పెక్కడ? యోగా కొంచెం వచ్చు. అది మానేసి దీనికి రావడంలో అర్థముందా?

చాప12:
మిషన్ లేదని దిగులు పడకండి. నడుం, పొట్ట కండరాలకి పట్టు పెంచే ఈ కసరత్తుల పద్ధతిని మొదలుపెట్టిన జోసెఫ్ పిలాటీస్ 1945లో అచ్చేయించిన పుస్తకంలోని 34 కసరత్తులూ నేల మీద చేసేవే. ఆ వరసలో మొదటిది హండ్రెడ్. మొదట ఉంది కాబట్టి తేలికదే అనుకుని కొత్తవాళ్ల చేత కూడా అక్కణ్నుంచే మొదలెట్టిస్తారు. తలా భుజాలూ పైకి లేపి, కాళ్లు గాల్లో చాచి, చేతులు నూరుసార్లు ఆడించడం కొత్తవాళ్లు చేసే పనేనా! పొత్తికడుపు మొయ్యలేని బరువు మెడ ముందువైపు కండరాల మీద పడుతుంది, మీ నొప్పి అదే. ప్రస్తుతానికి తల నేల మీదే, మోకాళ్లు మడిచి పాదాలూ నేల మీదే. చేతులు తుంటి పక్కన బెత్తెడు ఎత్తులో ఆడించండి. అయిదు ఊపులకి ఊపిరి తీసుకోవడం, అయిదు ఊపులకి వదలడం, అది ఒక విడత. నాలుగు విడతలతో మొదలెట్టి వారానికొకటి పెంచండి.

కసరత్తుల కంటే ముందు నడుం ఎలా ఉండాలో తెలియాలి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి, పాదాలు తుంటి వెడల్పులో. రెండు అరచేతులూ పొత్తికడుపు మీద బోర్లించండి. మణికట్టు వైపు భాగాలు అటూ ఇటూ పొడుచుకొచ్చే తుంటి ఎముకల మీద, వేళ్ల కొసలు కింద మధ్యలో తగిలే ఎముక మీద ఉండాలి. ఆ త్రికోణం మీద గ్లాసుడు నీళ్లు పెట్టినా ఒలకనంత సమంగా ఉండాలన్నమాట. నడుం కింద అరచెయ్యి మందం సందు ఉంటుంది, ఉండాలి కూడా. పిడికిలి దూరుతోందంటే నడుం విల్లులా లేచింది. వేలు కూడా దూరకపోతే పిరుదులు బిగించి నడుముని నేలకి నొక్కేస్తున్నారు. కాళ్లు కదిలేటప్పుడు ఈ సందు మారకుండా చూసుకోవడమే మీ మొదటి నెల చదువంతా.

ఊపిరి ముక్కుతో తీసుకుంటే పక్కటెముకలు పక్కలకి విచ్చుకోవాలి. ఛాతీ చుట్టూ తువ్వాలు తిప్పి కొసలు పట్టుకోండి, అది బిగుసుకుంటే సరిగా చేస్తున్నట్టు. వదిలేటప్పుడు వేడి టీ మీద ఊదినంత నెమ్మది. సగం ఊపిరి పోయాక మూత్రం ఆపుకుంటున్నట్టు కింది నుంచి పైకి లాగితే బొడ్డు కింది భాగం దానంతటదే లోపలికి పోతుంది. పట్టు మీ పూర్తి బలంలో మూడో వంతు చాలు. కడుపుని లోపలికి పీల్చేసి బిగబడితే ఊపిరి ఆగిపోతుంది.

మొదటి నెల వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు, 25 నిమిషాలు. వరస ఇది: నడుముని నేలకి ఆనించి వదలడం 8 సార్లు. బ్రిడ్జ్, అంటే మోకాళ్లు మడిచి పడుకుని పిరుదులు పైకి లేపడం, 8. వెల్లకిలా పడుకుని ఒక్కో పాదం నేల మీంచి లేపి దించడం, ఒక్కో వైపు 6. పక్కకి తిరిగి పడుకుని, మడమలు కలిపే ఉంచి పై మోకాలు మాత్రం ఆల్చిప్పలా తెరవడం, ఒక్కో వైపు 10. మోకాళ్లూ అరచేతుల మీద నిలబడి కుడిచెయ్యి, ఎడమకాలు చాచడం, ఒక్కో వైపు 6. బోర్లా పడుకుని ఛాతీని నాలుగు వేళ్ల ఎత్తు లేపడం 6. చివర్లో పైన చెప్పిన చిన్న హండ్రెడ్.

చాప సంగతి. టైల్స్ నేల మీద 4–6 మి.మీ. యోగా చాప వేస్తే వెన్నుపూసలు గుచ్చుకుంటాయి, పిలాటీస్‌కి 10–15 మి.మీ. మందం చాపలు దొరుకుతాయి. కొనక్కర్లేదనుకుంటే పాత దుప్పటి మడిచి యోగా చాప కింద వెయ్యండి. పైన వేస్తే జారుతుంది. పరుపు మీద మాత్రం చెయ్యకండి, నడుం ఎంత కుంగిందో తెలియదు.

యోగా మానక్కర్లేదండీ. ఆసనంలో ఎక్కువగా నిలిచి ఉంటాం, ఇక్కడ నడుముని నిలిపి కాళ్లూ చేతులూ కదుపుతాం. రెండూ వచ్చినవాళ్లకి రెండూ బాగుంటాయి.

ఎముకలగూడు:
పై వరస బాగుంది, అందులో వెన్ను ముందుకి గుండ్రంగా వంచేవి లేవు. అది ఎందుకు ముఖ్యమో ఫిజియోథెరపీ వైపు నుంచి చెప్తాను. నెలసరి ఆగే రోజుల్లోనూ, ఆ తర్వాత కొన్నేళ్లూ ఎముక వేగంగా పలచబడుతుంది. ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ అవసరమా అని మీ డాక్టరుని అడగండి. ఇంట్లో తుంటి ఎముక విరిగినవాళ్లున్నా, స్టెరాయిడ్ మాత్రలు చాలాకాలం వాడినా, మీ ఎత్తు తగ్గినా తప్పకుండా అడగాలి. ఆ స్కాన్‌లో వచ్చే టి స్కోరు మైనస్ 1కి, మైనస్ 2.5కి మధ్య ఉంటే ఎముక పలచబడుతోందని, మైనస్ 2.5 గానీ ఇంకా కింద గానీ ఉంటే గుల్లబారిందని లెక్క. క్యాంపుల్లో మడమకి మిషన్ పెట్టి ఇచ్చే చీటీ దీనికి బదులు కాదు.

గుల్లబారిన వెన్నుపూసకి ముందువైపే బలం తక్కువ. పడుకుని నెమ్మదిగా లేచి కూర్చునే రోల్ అప్, బంతిలా దొర్లే రోలింగ్, కాళ్లూ ఒళ్లూ V ఆకారంలో లేపే టీజర్, తల లేపి చేసే హండ్రెడ్, ఇవన్నీ వెన్నుని ముందుకి వంచి ఆ చోటే నొక్కుతాయి. బాగా పలచనైన పూస అక్కడ నలిగి కుంగిపోతుంది. స్కోరు బాగా లేనివాళ్లకి ఈ నాలుగూ నిషిద్ధం. వంగి పక్కకి మెలి తిరిగేవి ఇంకా ప్రమాదం. వెనక్కి లేచేవి, అంటే బోర్లా పడుకుని ఛాతీ లేపేలాంటివి, వీపు కండరాలకి మంచివి. స్కోరు తెలిసేదాకా మీరూ ముందుకి వంగేవి పక్కన పెట్టండి, పోయేదేమీ లేదు.

మీకు బీపీ ఉంది కాబట్టి ఊపిరి బిగబట్టొద్దు. కష్టమైన భాగంలో వదలండి, తేలికైన భాగంలో తీసుకోండి. అయిపోయాక వెల్లకిలా నుంచి సరాసరి లేవకుండా పక్కకి ఒత్తిగిల్లి, చేత్తో నెట్టుకుని కూర్చుని, అర నిమిషం ఆగి లేవండి. మాత్ర వేసుకునేవాళ్లకి కళ్లు తిరిగేది ఆ అర నిమిషంలోనే.

కండరం ఒకటి రెండు రోజులు సలపడం మామూలే. కాలిలోకి దిగి మోకాలు దాటే నొప్పి, తిమ్మిరి, ఛాతీలో బిగుతు, కసరత్తు మధ్యలో మూత్రం జారడం, కింద బరువుగా జారినట్టు అనిపించడం, వీటిలో ఏదున్నా ఆపి చూపించుకోండి. మూత్రం జారడాన్ని వయసు మీదికి నెట్టేసి ఊరుకుంటారు చాలామంది. దానికి చికిత్స ఉంది.

రావిచెట్టు:
రెండు వారాలైంది. రెండు చిక్కులు. బ్రిడ్జ్‌లో తొడ వెనకాల పట్టేస్తోంది. పాదం లేపేటప్పుడు బొడ్డు పైన మధ్యలో గట్టులా లేస్తోంది.

చాప12:
మొదటిది పాదాలు దూరంగా ఉన్నందువల్ల. మడమలు పిరుదులకి దూరమైతే బరువంతా తొడ వెనక కండరం మీద పడి అది పట్టేస్తుంది. చేతులు పక్కన చాస్తే వేళ్ల కొసలు మడమలకి తగిలీ తగలనంత దగ్గరికి జరపండి. మోకాళ్ల మధ్య మడిచిన తువ్వాలు పెట్టి మెల్లగా నొక్కి ఉంచండి. మడమలతో నేలని కిందికి నెడుతూ పిరుదులు ముందు బిగిస్తే నడుం వెనకే లేస్తుంది. భుజం, తుంటి, మోకాలు ఒక గీతలోకి రాగానే ఆపాలి. ఇంకా లేపితే పక్కటెముకలు పైకి పొడుచుకొస్తాయి, నడుం వంగిపోతుంది, పిరుదులు పని మానేస్తాయి. దిగేటప్పుడు లేచినదానికి రెట్టింపు సమయం తీసుకోండి. ఎముకల స్కోరు తెలియదు కాబట్టి పూస పూసా దించే పద్ధతి వద్దు, వీపంతా పలకలా ఒకేసారి దించండి.

రెండోది: ఆ గట్టు లేచిందంటే పట్టు చాలకముందే పాదం లేపుతున్నారు. వేళ్లు బొడ్డు పైన పెట్టుకునే చెయ్యండి. ఊపిరి వదలడం మొదలవ్వాలి, కింది పట్టు రావాలి, అప్పుడు పాదం. అప్పటికీ గట్టు వస్తుంటే పాదం పూర్తిగా లేపొద్దు, మడమ ఒక్కటే లేపి వేళ్లు నేలకే ఉంచండి. కాన్పుల తర్వాత పొట్ట మధ్య గీత విడిపోయి అలాగే మిగిలిపోయినవాళ్లు ఎంతోమంది. తల కొద్దిగా లేపి, బొడ్డు పైనా కిందా వేళ్లు అడ్డంగా పెట్టి చూడండి. రెండు వేళ్ల కంటే ఎక్కువ దిగబడుతుంటే ఫిజియోకి చూపించండి. ముంజేతులు, కాలివేళ్ల మీద ఒళ్లంతా నిలిపే ప్లాంక్ లాంటివి అప్పటిదాకా వద్దు.

పాతిక_కిలోలు:
ఇంతదాకా బాగానే ఉంది, కానీ ఆవిడ అడిగింది బలం. పిలాటీస్ వల్ల నడుం పట్టు, నిలకడ వస్తాయి. గ్యాస్ బండ మాత్రం ఆల్చిప్ప కసరత్తుతో జరగదు. అందులో గ్యాసే 14.2 కిలోలు, ఖాళీ బండ ఇంచుమించు మరో అంత. కండరం పెరగాలంటే మొయ్యాల్సిన బరువు పెరుగుతూ పోవాలి. ఒంటి బరువుతో 12 సార్లు సునాయాసంగా వస్తోందంటే ఆ కసరత్తు ఇక మిమ్మల్ని పెంచదు. రెండో నెల నుంచి బ్రిడ్జ్‌కి తుంటి మీద 5 కిలోల బియ్యం సంచీ పెట్టండి, ఆల్చిప్పకి మోకాళ్ల పైన రబ్బరు బ్యాండు తొడగండి. చివరి రెండు సార్లూ కష్టమవ్వాలి, అయినా చేసే తీరు చెడకూడదు.

వీపు గుండ్రంగా వంచకుండా తుంటి దగ్గర వంగడం కూడా నేర్చుకోవాలి, మీ నడుం పట్టేసేది అక్కడే. తుడుపు కర్ర వీపు వెనక నిలువుగా పట్టుకోండి. అది తల వెనక, భుజాల మధ్య, పిరుదుల మధ్య ఎముక దగ్గర, ఈ మూడు చోట్లా తాకాలి. మోకాళ్లు కాస్త సడలించి, కారు తలుపుని పిరుదులతో మూస్తున్నట్టు తుంటిని వెనక్కి నెట్టండి. మూడింటిలో ఒక్క చోటు వదిలేసినా అక్కడే ఆగి లేవాలి. 10 సార్లు చొప్పున రెండు విడతలు. కర్ర లేకుండా కుదిరాక చేతుల్లో లీటరు నీళ్ల సీసాలు, ఆ తర్వాత బకెట్. బండని మాత్రం ఎత్తకుండా అంచు మీద వాల్చి దొర్లించడమే తెలివైన పని, ఎంత బలం వచ్చినా సరే.

తిండి సంగతి ఎవరూ ఎత్తలేదు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి), హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కలిసి పెద్దవాళ్లకి చెప్పిన లెక్క ఒంటి బరువు కిలోకి రోజుకి 0.83 గ్రాముల ప్రోటీన్. మీ 64 కిలోలకి 53 గ్రాములు. గుడ్డులో ఇంచుమించు 6, గుప్పెడు వేరుశనగ గుళ్లలో 7, ముప్ఫై గ్రాముల కందిపప్పులో 6 పైన. పలచటి చారులో పప్పెంతుంటుందో మీకు తెలిసిందే. కిడ్నీ సమస్య ఉంటే మాత్రం డాక్టరుని అడగందే పెంచొద్దు.

స్ప్రింగులు4:
హైదరాబాద్ లాంటి చోట మిషన్ క్లాసులో చేరేవాళ్ల కోసం ఒక ముక్క. పిలాటీస్ అన్న పేరు ఎవరి సొత్తూ కాదు, 2000లో న్యూయార్క్ కోర్టు ఆ ట్రేడ్‌మార్కు కొట్టేసింది. బోర్డు ఎవరైనా పెట్టుకోవచ్చు. టీచరు ఎన్ని గంటల శిక్షణ తీసుకున్నారో అడగండి. అన్ని పరికరాల మీదా పూర్తి శిక్షణ అంటే 450 గంటలు, ఆ పైన. వారాంతపు కోర్సు చేసినవాళ్లు మీ ఎముకల గురించి అడగరు. అడగని చోటు నుంచి వచ్చెయ్యండి.
రిఫార్మర్, అంటే స్ప్రింగులతో కదిలే బల్ల ఉన్న మిషన్ మీద దెబ్బలు తగిలేది ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ. స్ప్రింగు తగిలించి ఉందో లేదో చూడకుండా కదిలే బల్ల మీద కాలు పెట్టొద్దు. స్ప్రింగు తగ్గిస్తే తేలికవుతుందనుకోవద్దు. కాళ్లతో నెట్టేవాటిలో తేలికే, కానీ బల్ల మీద నిలబడి చేసేవాటిలో అది నిలవక జారిపోతుంది. ఇంకెవరి మిషన్ మీదో నేర్చిన స్ప్రింగుల రంగుల లెక్కా పనికిరాదు, కంపెనీకో రంగు.

రావిచెట్టు:
అందరికీ థ్యాంక్సండీ. ఆఖరి ప్రశ్న. చెయ్యి ఆనించకుండా నేల మీంచి లేవడానికి విడిగా ఏమైనా చెయ్యాలా?

ఎముకలగూడు:
చెయ్యాలి. కుర్చీతో మొదలెట్టి ఎత్తు తగ్గించుకుంటూ రావాలి. కుర్చీ 45 సెం.మీ. ఉంటుంది, చేతులు ఛాతీ మీద కట్టుకుని 8 సార్లు చొప్పున రెండు విడతలు లేవండి. కూలబడకుండా మూడు అంకెలు లెక్కపెడుతూ కూర్చోవాలి. అది కుదిరాక 30 సెం.మీ. స్టూలు, దాని తర్వాత పీట.

దాంతోపాటు వారానికి మూడు రోజులు ఇది: మడిచిన దుప్పటి మీద ఒక మోకాలు ఆనించి, రెండో పాదం ముందు నేలకి పెట్టండి. వెనక కాలి వేళ్లు మడిచి నేలని పట్టాలి, చాలామంది మర్చిపోయేది ఇదే. వేళ్లు చాచేస్తే వెనక కాలు నెట్టలేదు, భారమంతా ముందు మోకాలి మీద పడి ఆ మడమ లేచిపోతుంది. ముక్కు, ముందున్న కాలి బొటనవేలి మీదికి వచ్చేదాకా ఛాతీ వాల్చి, ఊపిరి వదులుతూ మడమతో నేలని నెట్టి లేవండి. మొదటి వారం గోడకి ఒక్క వేలు ఆనించుకోవచ్చు. ఒక్కో కాలికి 5. కుడి కాలితో 5 వచ్చి ఎడమ కాలితో 3కే ఆగిపోతే రెండిటికీ మూడే చెయ్యండి, మొదలుపెట్టేటప్పుడు ఎడమ కాలితోనే మొదలెట్టండి.