సబ్బులో వేసే రంగు పొడులు ఇల్లంతా ఎగరకుండా ఎలా వాడుతున్నారు?

వంటింటి_సబ్బు:
అందరికీ నమస్తే. ఇంట్లో కోల్డ్ ప్రాసెస్ సబ్బులు (నూనెల్లో కాస్టిక్ సోడా నీళ్లు కలిపి, పొయ్యి మీద ఉడికించకుండా చేసేవి) చేస్తుంటాను. కొబ్బరి నూనె, ఆలివ్ నూనె, కొంచెం ఆముదం, మామూలు రెసిపీనే. సబ్బు బాగానే వస్తోంది, నా బాధంతా రంగు పొడులతోనే. నలుపు కోసం వేసే యాక్టివేటెడ్ చార్‌కోల్ (బొగ్గు పొడి) ప్యాకెట్ మూల కత్తిరిస్తే చాలు, పొగలా లేచి వంటగట్టు, గిన్నెల స్టాండు, స్విచ్ బోర్డు అన్నిటి మీదా సన్నగా పరుచుకుంటుంది, తడిగుడ్డ పెడితే ఇంకా పాముకుంటుంది. మర్నాడు పొద్దున్న మా అత్తయ్య పాలగిన్నె అందుకుంటే ఆవిడ వేళ్లకి నలుపు. తెలుపు కోసం వేసే టైటానియం డయాక్సైడ్‌ పొడితో ఇంకో రకం తలనొప్పి: ఎంత కలిపినా, కోసిన ముక్కలో తెల్లటి చుక్కలు కనిపిస్తాయి. ఫ్యాన్ వేస్తే పొడి ఎగురుతుంది, ఆపితే ఈ ఉక్కకి గాగుల్స్ లోపల చెమట కారి ఏమీ కనిపించదు. మీరంతా ఎలా నెట్టుకొస్తున్నారు? మాస్క్ తప్పనిసరా? తర్వాత శుభ్రం చేయడం ఎలా?

ఆముదంసీసా:
సబ్బు చేసే రోజు పొడి ప్యాకెట్ అసలు తెరవకండి. ముందురోజే తడిపి సీసాలో పెట్టేసుకోండి, సగం గొడవ అక్కడే పోతుంది, ఫ్యాన్ ఆపాల్సింది కూడా ఆ పది నిమిషాలే.

వెడల్పు మూతి ఉన్న ఊరగాయ సీసాలో ముందు నూనె పోయండి, తర్వాతే పొడి. పొడి మీద నూనె పోస్తే ధారకి లేచేస్తుంది. చెంచా స్టీలుదే వాడండి, ప్లాస్టిక్ చెంచాకి పొడి అతుక్కుని, విదిలించగానే ఎగురుతుంది. చెంచాని సీసా లోపలికి, నూనె దగ్గరదాకా దించి మెల్లగా వంచండి. వెంటనే కలపొద్దు. మూత బిగించి వదిలేస్తే బొగ్గు తనంతట తనే నూనె పీల్చుకుని అడుక్కి దిగుతుంది. అప్పుడు మూత తీయకుండానే గట్టిగా ఊపండి. కాఫీ నురగ కొట్టే చిన్న మిషన్ వాడేవాళ్లయితే, దాని తల పూర్తిగా నూనెలో మునిగాకే ఆన్ చేయాలి, ఆపాకే పైకి తీయాలి. లేదంటే గోడ మీద నల్ల చుక్కలు.

కొలత: 450 గ్రాముల నూనెల సబ్బుకి 1 టీస్పూన్ బొగ్గు పొడి, దాన్ని తడపడానికి 1 టేబుల్ స్పూన్ నూనె. అంతకన్నా ఎక్కువ వేస్తే నురగ కూడా బూడిద రంగులో వచ్చి, తువ్వాళ్లు మాసిపోతాయి.

ల్యాబ్‌కోటు:
ఆముదంసీసా గారు చెప్పింది అక్షరాలా నిజం. టైటానియం సంగతి నేను చెప్తాను. అది రెండు రకాలుగా దొరుకుతుంది, నీళ్లలో కలిసేది, నూనెలో కలిసేది. మీది ఏదో ప్యాకెట్ మీద చూసుకోండి, తప్పు దాంట్లో వేస్తే ఉండలు జన్మలో కరగవు. కలిపాక టీ వడపోతలో వేసి చెంచాతో నొక్కండి, జాలీ మీద మిగిలిన గరుకే మీ సబ్బులో తెల్ల చుక్క అయ్యేది. చుక్కలు కాకుండా గాజులాంటి చారలు వస్తే అది వేరే విషయం, సబ్బు లోపల వేడెక్కినందువల్ల. టైటానియం తగ్గించండి, కాస్టిక్ కలిపే నీళ్లు కాస్త తగ్గించండి, ఈ ఎండల్లో మోల్డ్‌కి దుప్పటి కప్పొద్దు.

మాస్క్ మాత్రం తప్పనిసరి, ఎన్95 వేసుకోండి. ఐఏఆర్‌సీ (ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం) టైటానియం డయాక్సైడ్‌ని 2బి జాబితాలో పెట్టింది, అంటే మనుషులకి క్యాన్సర్ తెప్పించే అవకాశం ఉండొచ్చని. ఆధారం ముఖ్యంగా ఎలుకలు ఆ ధూళిని పీల్చిన ప్రయోగాలు. ఒకసారి తడిశాక ఆ భయం లేదు, ముక్కులోకి పోయే పొడితోనే జాగ్రత్త. పిల్లలు వంటింట్లో తిరుగుతుంటే మాత్రం ప్యాకెట్ విప్పకండి, దయచేసి.

గోదారిగట్టు:
నేను ఎక్కువగా ఇంటి పొడులే వాడతాను కాబట్టి ఒక మాట. ముల్తానీ మట్టి, గులాబీ మట్టి లాంటివి నూనెలో కాదు, నీళ్లలో నానబెట్టండి, లేకపోతే సబ్బులోని తడి పీల్చేసి పైన పగుళ్లు వస్తాయి. పసుపు వేస్తే మొదట ఎర్రబడుతుంది, కంగారు పడకండి, పారాణికి పసుపులో సున్నం కలిపితే అయ్యేది అదే. తర్వాత నారింజకో ఆవపిండి రంగుకో దిగుతుంది, ఎండ తగిలితే వెలిసిపోతుంది. గులాబీ రంగుకి మంజిష్ఠ చాలా బాగుంటుంది. మందార పొడి అందం ప్యాకెట్‌లోనే, కాస్టిక్‌లో గోధుమరంగు అయిపోతుంది. కుంకుమ, హోలీ రంగులు, బట్టల నీలం జోలికి వెళ్లొద్దు, అవి ఒంటికి రుద్దుకునే సబ్బు కోసం చేసినవి కావు.

వంటింటి_సబ్బు:
చాలా థాంక్స్ అండీ అందరికీ. ఒక డౌటు, పొడి తడపడానికి పోసే నూనె రెసిపీ లెక్కలోదేనా, విడిగా పోయొచ్చా? ఇంకా, శుభ్రం చేయడం గురించి ఎవరూ చెప్పలేదు.

ఆముదంసీసా:
లెక్కలోదే తీయండి. కిలో నూనెల సబ్బుకి 2 టేబుల్ స్పూన్లు విడిగా పోస్తే, 5 శాతం అనుకున్న సూపర్‌ఫ్యాట్ (కాస్టిక్‌తో కలిసి సబ్బుగా మారకుండా మిగిలే నూనె) 7 దాటుతుంది. ప్రమాదమేమీ లేదు గానీ సబ్బు కాస్త మెత్తబడుతుంది. తూకం వేసేటప్పుడే ఆ కాస్త పక్కకి తీసుకుంటే సరి.

శుభ్రానికి వస్తే, చీపురు ముట్టుకోవద్దు, నీళ్లు చల్లొద్దు. ముందే గట్టు మీద పాత పేపర్ తడిపి పరచండి, పడిన పొడి దానికే అంటుకుంటుంది, అలాగే మడిచి పారేయొచ్చు. అయినా గట్టుకి నలుపు అంటితే, టిష్యూ మీద రెండు చుక్కల నూనె వేసి ఒకే వైపుకి తుడవండి, గుండ్రంగా రుద్దొద్దు. నలుపంతా నూనెతో వచ్చేస్తుంది, ఆ తర్వాత గిన్నెల సబ్బు. స్విచ్ బోర్డు మాత్రం మెయిన్ ఆపి పొడిగుడ్డతోనే. రంగు తడిపే సీసాలు, చెంచాలు, వడపోత వంటకి మళ్లీ వాడకుండా ఒక డబ్బాలో విడిగా పెట్టండి, అత్తయ్య గారి పాలగిన్నె జోలికి ఇక నలుపు రాదు.