నరం కోస్తామంటే ఏ నరం?

సుజాత: మా మామయ్యకు పక్షవాతం వచ్చి రెండేళ్లు దాటింది. కుడి పిడికిలి బిగుసుకుపోయి తెరుచుకోదు. గోళ్లు గుచ్చుకుని అరచేతిలో పుండు పడింది. కాలు చూస్తే మడమ ఆనదు, మునివేళ్ల మీదే నడక. ‘చేతి నరం కొంచెం కట్ చేస్తాం, మడమ దగ్గర నరం పొడుగు చేస్తాం’ అన్నారు డాక్టరు గారు. అత్తయ్య అక్కడే ఏడుపు, పడిపోయిన చేతికి ఉన్న నరం కూడా కోసేస్తారా అని. ఇంటికొచ్చాక తట్టింది, ఆయన చెప్పిన రెండు నరాలూ ఒకటి కాదు. మొదటిది మెదడు ఆజ్ఞలు మోసే నర్వ్, రెండోది కండను ఎముకకు కట్టే టెండన్. వీటికి తెలుగులో వేరే మాటలు లేవా?

రమణ: ఉన్నాయమ్మా, నోట్లో ఆడవు అంతే. నర్వ్‌కి నాడి అందామంటే మణికట్టు పట్టుకుని చూసేది గుర్తొస్తుంది. టెండన్‌కి స్నాయువు అందామా? బెంగాలీలో స్నాయు అంటే నర్వ్, మరాఠీలో కండరం! ఇక సెలైన్ ఎక్కించడానికి నర్సు వెతికే రక్తనాళమూ మనకు నరమే. ప్రాచీన శస్త్రవైద్యుడు సుశ్రుతుడు మాత్రం శుభ్రంగా విడదీశాడు: సిరలు (రక్తనాళాలు) 700, స్నాయువులు 900, పేశులు (కండలు) 500, కండరలు 16. ఆయన ‘కండర’ అన్నది లావుపాటి టెండన్‌ని. మనం దాన్ని కండ కింద జమ కట్టేశాం.

శ్రీలత (ఫిజియో, వరంగల్): మా దగ్గరికొచ్చేవాళ్లు ‘చెయ్యి గుంజుకపోయింది’, ‘బిర్రుగైంది’ అంటరు. మొదట్ల చెయ్యి వాలిపోతది, అప్పుడు ‘పడిపోయింది’ సరైన మాటే. కొన్ని వారాలకు, మెదడు నుంచి రావాల్సిన అదుపు లేక, కండ దానంతటదే బిగుస్తది. ఆపరేషన్‌ల మొత్తం నరం తెంపరు. కండలకు పోయే సన్న కొమ్మల్ని, లోపలికి దూరే చోట, సుమారు మూడింట రెండొంతులు తీస్తరు. చర్మానికి స్పర్శ తెలిపే కొమ్మల జోలికి పోరు. కండను వదులు చేసే బొటాక్స్ సూది పని మూడు నాలుగు నెలలే, ఇది ఎక్కువ కాలం ఉంటదని చేస్తరు.

రమణ: మరి మడమ దగ్గర పొడుగు చేయడం ఎందుకు?

శ్రీలత: అక్కడ ఇంకో మాట కావాలె సార్. బిగుసుకోవడం వేరు, కుదించుకపోవడం వేరు. నరానికి మత్తు సూది ఇచ్చి చూస్తరు. కాలు వదులైతే బిగువు. అప్పటికీ రాకుంటే కండే పొట్టిగైంది, టెండన్ పొడుగు చేయాల్సిందే. నేనైతే ‘మడమ తాడు’ అంటా, అందరికీ అర్థమైతది.

రమణ: మడమ తాడు! నిఘంటువుకెక్కాల్సిన మాట.

కిరణ్: నర్వ్ తెంపడమే కాదు, మార్చడం కూడా ఉంది. షాంఘైలో 36 మందిపై చేసిన ట్రయల్ 2018లో వచ్చింది. బాగున్న వైపు మెడలోని ఒక నరాన్ని తెచ్చి, పడిపోయిన చేతి నరానికి కలిపారు. బిగువు తగ్గింది, కదలికా మెరుగైంది.

సుజాత: అత్తయ్యకు ఇలా చెప్పాను: ‘చేతికి పోయే కరెంటు తీగలు కొన్ని తీస్తారు, మడమ తాడు వదులు చేస్తారు.’ వెంటనే అడిగింది, ‘తీగలు తీస్తే లైటెట్లా వెలుగుతుందే?’

శ్రీలత: మంచిగ అడిగింది. అందుకే కొన్ని ఉంచుతరు. పోయిన బలం దీంతోటి తిరిగి రాదని గూడ చెప్పండి. పిడికిలి తెరుచుకుంటే పుండు మానుతది, చొక్కా తొడగడం తేలికైతది.