పేరు కలిసిందని డబ్బు ఆపేశారు, ఏం చెయ్యాలి?

ప్రశ్న: మాది నిజామాబాద్. కువైట్‌లో ఉన్న మా తమ్ముడు మహమ్మద్ సయీద్ పంపిన డబ్బు ఇంకా నా ఖాతాలో పడలేదు. బ్యాంకులో అడిగితే "పేరు టెర్రరిస్టుల లిస్టుతో కలిసింది, పైవాళ్లు చూస్తున్నారు" అన్నారు. అమ్మ హాస్పిటల్ బిల్లు కట్టాలి. చాలా టెన్షన్‌గా ఉంది. మామీద కేసేమైనా పెడతారా?

జవాబు: భాయ్, పేరు కలిసినంత మాత్రాన కేసు కాదు. లష్కరే తోయిబా పెట్టిన హఫీజ్ మహమ్మద్ సయీద్‌ను ముంబై దాడుల తర్వాత, 2008 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి ఆంక్షల జాబితాలో చేర్చారు. ఆ జాబితాతో ఖాతాదారుల పేర్లు సరిచూడాలని రిజర్వు బ్యాంకు నిబంధన. సాఫ్ట్‌వేర్ స్పెల్లింగ్ అచ్చంగా కలవాలని చూడదు, దగ్గరగా ఉంటే చాలు ఆపేస్తుంది. మన దగ్గర వీధికో సయీద్ ఉంటాడని దానికేం తెలుసు!

తర్వాత తేల్చాల్సింది మనిషే. జాబితాలో హఫీజ్ సయీద్ 1950లో పాకిస్తాన్‌లోని సర్గోధాలో పుట్టినట్టు ఉంది. తమ్ముడి పుట్టిన తేదీ, ఊరు చూపిస్తే అక్కడికే తేడా తెలిసిపోతుంది. పాస్‌పోర్టు మొదటి పేజీ ఒక్కటే పంపి ఊరుకోకండి, తండ్రి పేరు, అడ్రసు ఉండేది చివరి పేజీలో. వాటితో పాటు కువైట్ సివిల్ ఐడీ (అక్కడి గుర్తింపు కార్డు), హాస్పిటల్ ఎస్టిమేట్ జత చేసి రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోండి.

ఇంకో జవాబు: ఆపడం వేరు, స్తంభింపజేయడం (ఫ్రీజ్) వేరు. మీది ఏదో అది కూడా అడగండి. నిజంగా ఫ్రీజ్ చేస్తే అది ఉపా (ఉగ్రవాద నిరోధక) చట్టం 51ఏ సెక్షన్ కింద జరుగుతుంది. పొరపాటున చేశారనుకుంటే ఆధారాలతో బ్యాంకుకే దరఖాస్తు ఇవ్వాలి, వాళ్లు పైకి పంపుతారు. విచారణలో సంబంధం లేదని తేలితే ఆలస్యం చెయ్యకుండా విడుదల ఉత్తర్వు ఇవ్వాలని కేంద్ర హోంశాఖ పద్ధతిలో ఉంది. మీది ఇంకా అంతదూరం వెళ్లినట్టు లేదు.

ప్రశ్న అడిగినవారు: థాంక్స్ అన్నా. ఈలోపు చిన్న చిన్న మొత్తాలుగా వేరే పేరుతో పంపమంటున్నారు ఇక్కడివాళ్లు.

జవాబు: అస్సలు వద్దు. ముక్కలు చేసి పంపితే లేని అనుమానం మనమే పుట్టించినట్టు. హవాలా మాట అసలే ఎత్తకండి. ఇది తేలాక, "ఈ ఖాతాదారుడు ఆ వ్యక్తి కాదు" అని రికార్డులో రాయమని బ్యాంకునూ, అక్కడి ఎక్స్చేంజ్ వాళ్లనూ అడగండి. ఇకమీదట పంపేటప్పుడు పాస్‌పోర్టులో ఉన్న పూర్తి పేరే రాయమనండి, పొట్టి పేరు వద్దు. అయినా జాబితా మారినప్పుడల్లా మళ్లీ ఆగొచ్చు, కాబట్టి ఆ కాగితాల సెట్టు ఫోన్‌లో పెట్టుకోండి.