సోనా మసూరి బస్తా ధర: ఓడ కిరాయా, కూలీయా?

డల్లాస్ పద్మ: మా ఇండియన్ స్టోర్‌లో 20 పౌండ్ల బస్తా మళ్ళీ పెంచారు. అడిగితే "షిప్పింగ్ అండీ" అంటాడు. కిరాయి దిగినప్పుడు మాత్రం దించడు. అసలు బస్తా మీద ఓడ ఖర్చెంత? ఆన్‌లైన్‌లో కొంటే నయమా?

ఎడిసన్ రాజు: ఓడ కాదండీ, ఇక్కడి అమెరికా పోర్టు కార్మికులు. 2024 అక్టోబర్‌లో మూడు రోజులు సమ్మె చేసి, ఆరేళ్ళలో 62 శాతం పెంపు రాబట్టుకున్నారు. ఆ భారమంతా మన నెత్తినే.

వైజాగ్ వాసు: మా నాన్న పోర్టులో కళాసీ. ఓడ అడుగున దిగి బస్తాలు మోసి నడుం పోగొట్టుకున్నాడు. ఏసీ గదిలో కూర్చుని కూలీ మీద పడి ఏడవకండి రాజు గారూ.

ఫ్రైట్ సుబ్బు: నా పనే ఇది, లెక్క నేను చెప్తా. 20 అడుగుల కంటైనర్‌లో 20 టన్నులు వేసుకున్నా 2,200 బస్తాలు. కిరాయి 2,000 డాలర్లు పెరిగితే బస్తాకు డాలర్ లోపే. 2023 చివర్లో ఎర్ర సముద్రంలో ఓడల మీద యెమెన్ హౌతీల దాడులు మొదలయ్యాక ఓడలు సూయజ్ వదిలి ఆఫ్రికా చుట్టి రావడంతో ఖర్చు పెరిగిన మాట నిజమే. కానీ అదే ఏడు జూలైలో ఇండియా బియ్యం ఎగుమతి నిషేధించగానే ఎగబడి కొన్నది మనమే కదా!

ఎడిసన్ రాజు: పోర్టు నుంచి ట్రక్కు, గోడౌన్‌లో దించే కూలీ, షాపు అద్దె మీ లెక్కలో ఏవి?

ఫ్రైట్ సుబ్బు: అవే పెద్దవి. డాక్ కార్మికుడి వాటా వాటి ముందు ఎంత?

అట్లాంటా లత: బియ్యానికే ఇంత గొడవైతే మామిడి సంగతేంటి? విమానంలో కిలో లెక్కన కిరాయి, పైగా పురుగులు రాకుండా పెట్టే రేడియేషన్ ఖర్చు. 2025 మేలో కాగితాల్లో తేడా ఉందని 15 లోడ్లు ఇక్కడ ఆపేస్తే, వెనక్కి పంపే కిరాయి కట్టలేక ఇక్కడే నాశనం చేయించారు. పండు బాగానే ఉందట. కడుపు తరుక్కుపోయింది.

హ్యూస్టన్ కిరణ్: మెక్సికో మామిడి కొనుక్కోండి. లారీలో వస్తుంది, పెట్టె చవక.

అట్లాంటా లత: బంగినపల్లి పక్కన దాన్ని పెడతారా!

వైజాగ్ వాసు: మామిడి తర్వాత. రాజు గారూ, ఆ మాట వెనక్కి తీసుకుంటారా లేదా?

డల్లాస్ పద్మ: ఆన్‌లైన్ గురించి ఎవరూ చెప్పలేదు. బస్తా ఇంటికి తెచ్చిచ్చే ఖర్చు ధరలో కలిపేస్తారా, విడిగా వేస్తారా?